ఎల్లాప్రగడ కూడా తప్పాడట!



చాలా కాలానికి మళ్ళీ వ్రాస్తున్నాను. కంటికి శస్త్రచికిత్స జరిగిన నాటి నుంచి లేఖినిలో నాలుగు వాక్యాలు కొట్టడానికే ఒక పూట పడుతోంది. సీసపద్యం మీద మొదలుపెట్టి సగంలో వదిలేసిన వ్యాసమొకటి ఉంది. ముందు దానిని పూర్తి చేద్దామనుకున్నాను. సీసం ఎక్కడికీ పోదు. ఈ మాట చెప్పకపోతే మాత్రం నాకు నిద్ర పట్టేలా లేదు. కోపంలో వ్రాస్తున్నానని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆ కోపంలో సగం నా మీదే.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని ఉండగా నా పూర్వశిష్యుడొకడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చోడవరానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో పల్లె వాళ్ళది. (మా చోడవరం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, చిరునామా వ్రాసేటప్పుడు నా చేయి ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే వ్రాస్తుంది. ముప్పై ఏళ్ళు హాజరుపట్టీల మీద వ్రాసిన అలవాటు అంత తొందరగా పోదు.) ఉన్నది ఎకరంన్నర చెరకు భూమి. పదో తరగతిలో వాడికి సవర్ణదీర్ఘానికీ గుణసంధికీ తేడా చెప్పడానికి నేను పడిన పాట్లు నాకింకా గుర్తే. కొడుకు మాత్రం తండ్రి పోలిక కాదు. నిదానస్థుడు. మాట తక్కువ.

తండ్రి సంచిలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చువేసిన కరపత్రం. రెండవది భూమి దస్తావేజు.

కరపత్రం మీద తెల్లకోటు వేసుకున్న పిల్లలు, వెనుక మంచుకొండలు. పైన పెద్ద అక్షరాలతో, డిగ్రీ మొదటి సంవత్సరం తప్పినవారు దిగులు పడనక్కరలేదనీ, విదేశంలో వైద్యవిద్యకు ఆ మార్కులతో పనే లేదనీ ఉన్నది. దాని క్రింద, మహాశాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు కూడా మెట్రిక్ తప్పినవాడేనని, ఆయన కూడా విదేశానికి వెళ్ళాకనే వెలుగులోకి వచ్చాడనీ ఒక వాక్యం. ప్రక్కన ఆయన బొమ్మ. భీమవరంలో పుట్టిన మహానుభావుణ్ణి సీట్ల బేరానికి కూర్చోబెట్టిన ఆ వాక్యమే నా చేత ఈ టపా వ్రాయిస్తున్నది.

అసలు పని వేరే ఉంది. కుర్రవాడు ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాడు. మొదటిసారి నీట్‌లో అర్హత రాలేదు. డిగ్రీలో చేరి, ఆ ఏడాదే మళ్ళీ నీట్ వ్రాశాడు. 2025లో 720కి 131 వచ్చాయి. ఆ ఏడాది వెనుకబడిన తరగతుల వారికి అర్హత గీత 113. అంటే విదేశం వెళ్ళడానికి చట్టరీత్యా అడ్డం లేదు. కాని డిగ్రీ మొదటి సంవత్సరం రెండు సెమిస్టర్లలో కలిపి అయిదు పేపర్లు పోయాయి. ఆ విదేశీ విశ్వవిద్యాలయపు దరఖాస్తులో ఒక గడి ఉన్నదట. ఇంటర్మీడియట్ తర్వాత కాలం ఎలా గడిచిందో, చదువులో వెనుకబడి ఉంటే కారణమేమిటో అభ్యర్థి స్వయంగా ఒక లేఖలో వివరించాలి. స్వయంగా అనే మాటకు కన్సల్టెన్సీ వారి నిఘంటువులో అర్థం వేరు. లేఖ వారే వ్రాసి ఇచ్చేశారు, ఇంగ్లీషులో పేజీన్నర. కుర్రవాడికి డెంగీ వచ్చిందట, మూడు నెలలు మంచం పట్టాడట, తనకు ప్రాణం పోసిన డాక్టరును చూసి వైద్యవృత్తి మీద మమకారం పుట్టిందట. ఇది నిజమేనని, కుర్రవాణ్ణి చిన్ననాటి నుంచి ఎరిగిన విశ్రాంత ఉపాధ్యాయుడిగా నేనొక ధ్రువపత్రం వ్రాసి సంతకం పెట్టాలి. అందుకే వచ్చారు.

“నీకు డెంగీ ఎప్పుడు వచ్చింది నాయనా?” అని అడిగాను.

“రాలేదండి” అన్నాడు కుర్రవాడు, నేల చూపులు చూస్తూ.

“మా ఊళ్ళో అందరికీ వచ్చిందండి మాస్టారూ, ఈడొక్కడికే రాలేదు” అన్నాడు తండ్రి.

నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఎందుకంటే ఇటువంటి ఉత్తరం నాకు కొత్త కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గురజాడ అప్పారావుగారు పుట్టిన ఎస్. రాయవరం మా జిల్లాలోనిదే. 1897లో అచ్చయిన కన్యాశుల్కం మొదటి అంకం మీరందరూ ఎరిగినదే. పరీక్ష తప్పిన వెంకటేశం ఇంటికి వెళ్ళడానికి జంకుతాడు. గిరీశం చదువు చెప్పే గురువు వేషంలో తానే వెంట బయలుదేరతాడు. గిరీశానికి కావలసింది వెంకటేశం చదువు కాదు, అప్పులవాళ్ళ నుంచి తలదాచుకునే చోటు. పిల్లవాడి తప్పు, తల్లి భ్రమ, తండ్రి డబ్బు, ఈ మూడూ కలిస్తే తన బండి నడుస్తుందని అతనికి తెలుసు. మనం నాటకం చూసి నవ్వుకుని ఇళ్ళకు వచ్చేశాం. గిరీశం మాత్రం విశాఖపట్నంలో అద్దాల గది అద్దెకు తీసుకుని, చలిపెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. చుట్ట మానేశాడు, అంతే తేడా.

ఇక ఎల్లాప్రగడ మాట. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పిన మాట నిజమే. మూడవసారి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. కరపత్రం అక్కడ ఆగి, ఒక్క అంగలో అమెరికాకు దూకింది. నడుమ ఉన్నదంతా మింగేసింది. ఆ నడుమనే ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ఉన్నది. మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యవిద్య మొత్తం ఉన్నది. ఇద్దరు అన్నదమ్ములు గ్రహణి వంటి వ్యాధితో పోతే ఆ రోగమేమిటో తెలుసుకుని తీరాలన్న పట్టు ఉన్నది. గాంధీగారి పిలుపు మీద ఖద్దరు కోటుతో శస్త్రచికిత్సకు వచ్చినందుకు తెల్ల ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ హోదా ఎల్.ఎం.ఎస్. పుచ్చుకోవలసి రావడం ఉన్నది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పడం ఉన్నది. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగేనాటికి ఆయన పరీక్ష తప్పిన కుర్రవాడు కాదు. వైద్యశాస్త్రమంతా చదివి, ఇంకా తెలుసుకోవలసినది ఉందని వెళ్ళిన ఇరవై ఎనిమిదేళ్ళ వైద్యుడు.

అంతటివాడికీ అక్కడ ఏమి జరిగింది? ఆయన చేతిలోని పట్టా అక్కడి ఆసుపత్రిలో వైద్యుడిగా నిలబడటానికి చాలలేదు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల పాఠాలు వింటూ, పొట్టకూటి కోసం రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశాడు. డాక్టరేటు 1930లో వచ్చింది. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం ఏనాడూ రాలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళిపోయాడు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు హెట్రజాన్, అన్నీ ఆ తర్వాతి ఎనిమిదేళ్ళలో వచ్చినవి. 1948 ఆగస్టులో, యాభై నాలుగో ఏట పోయాడు. విదేశపు పట్టాకూ స్వదేశపు పట్టాకూ నడుమ పడి నలిగిన మనిషి ఎవరని అడిగితే మొదట చెప్పవలసిన పేరు ఆయనది. ఆ పేరునే ఎరగా గుచ్చారు.

మా ప్రాంతంలో హెట్రజాన్ పేరు తెలియదు గాని ఆ మందు అందరికీ తెలుసు. 2004 నుంచి బోదకాలు జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఈ కుర్రవాడి నాయనమ్మకు బోదకాలు. డాక్టరు కావాలని ఎందుకనిపించిందని అడిగితే వాడు ఆమె పేరే చెప్పాడు. ఆమె కాలికి ప్రతిరోజూ కడిగి తుడిచి మందు వ్రాసేది వీడేనట. ఇది ఆ పేజీన్నర ఇంగ్లీషు ఉత్తరంలో ఎక్కడా లేదు. రాని డెంగీ ఉంది, ఇంట్లో ఉన్న బోదకాలు లేదు!

ఇంకొక కథ ఇప్పుడు చెప్పాలి. ఇది నా కథ.

2011లో మరొక కుర్రవాడు. అదే పరిస్థితి: బి.ఎస్సీ. మొదటి ఏడాది పోయింది, తండ్రి భూమి అమ్ముతానన్నాడు. అప్పట్లో విదేశం వెళ్ళడానికి నీట్ లేదు; ఆ నిబంధన 2018లో వచ్చింది. చదువు ఎందుకు వెనుకబడిందో చెప్పే ఉత్తరం కావాలన్నారు. నేను వ్రాశాను. ఆ ఉత్తరంలో విషజ్వరం అని వ్రాసిన చేయి ఇదే. శుభమా అని పిల్లవాడు డాక్టరవుతుంటే అడ్డుపడటం దేనికనుకున్నాను. వినయంగా చెబుతున్నాను, భాష కూడా బాగానే కుదిరింది.

ఆ కుర్రవాడు మధ్య ఆసియాలో ఒక దేశానికి వెళ్ళాడు. ఆరేళ్ళు చదివాడు, 2017లో పట్టా పుచ్చుకుని వచ్చాడు. విదేశంలో చదివినవారు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. అనే పరీక్ష నెగ్గాలి. 300 ప్రశ్నలు, 150 మార్కులు రావాలి, ఏడాదికి రెండుసార్లు పెడతారు, ఇంగ్లీషులో మాత్రమే. ఏడుసార్లు వ్రాశాడు. ఒకసారి 141 వరకు వెళ్ళాడు. ఇప్పుడు బంధువుల మందుల దుకాణంలో లెక్కలు చూసుకుంటున్నాడు. బజారులో కనబడితే ఇప్పటికీ బండి ఆపి “మాస్టారూ, బాగున్నారా” అని దణ్ణం పెడతాడు. వాడు మొహం తిప్పుకుని పోయినా నేను ఇంతకంటె సుఖంగా ఉండేవాణ్ణి.

ఒకసారి వాణ్ణే అడిగాను, అక్కడ ఏమి జరిగిందని. వాడు చెప్పినది ఇది. మొదటి రెండేళ్ళు తరగతి గదిలో ఇంగ్లీషులోనే చెప్పారు. వాడికి సగమే తెలిసేది, అడగడానికి సిగ్గు. మూడో ఏడు వార్డులోకి తీసుకువెళ్ళారు. రోగులు మాట్లాడేది రష్యను, స్థానిక భాష. ఎక్కడ నొప్పి అని అడగడం కూడా రాదు. అందరి వెనుక నిలబడి తల ఊపేవాడట. “ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఎలగ నించున్నానో అక్కడా అలాగే నించున్నానండి” అన్నాడు.

ఆ మాట నా గుండెలో దిగబడింది. వాడి మొదటి సంవత్సరం పోవడానికి ఒక కారణం ఉన్నది. నేను దానికి విషజ్వరం అని దొంగపేరు పెట్టాను. పెట్టడంతో ఆ కారణాన్ని ఎవరూ వెదకలేదు, తండ్రి వెదకలేదు, కన్సల్టెన్సీ వెదకలేదు, చివరికి వాడూ వెదుక్కోలేదు. అది వాడితోబాటు విమానమెక్కి వెళ్ళి, ఆరేళ్ళూ ఉండి, వాడితోబాటు తిరిగి వచ్చింది.

ఇది వాడొక్కడి దురదృష్టమని కొట్టిపారేయడానికి వీలులేదు. 2025 జూన్ విడతలో ఆ పరీక్షకు 36 వేల పైచిలుకు మంది కూర్చుంటే గట్టెక్కినవారు 6,700 పైచిలుకు. అయిదుగురిలో ఒకరు కూడా కాదు. కరపత్రంలో ఈ అంకె ఉండదు. విదేశాల్లో చదివినవారందరూ చేతకానివారని నేననను. మా బజారు చివర చిన్నపిల్లల వైద్యం చూసే అమ్మాయి రష్యాలో చదివి వచ్చినదే, మొదటిసారే పరీక్ష నెగ్గింది. మా మనవరాలికి జ్వరం వస్తే నేను ఆవిడ దగ్గరికే తీసుకువెళతాను. ఆమె వెళ్ళేనాటికే చదువులో గట్టిది. డబ్బు చాలక వెళ్ళింది, చదువు చాలక కాదు. మన రాష్ట్రంలో 2023లో కొత్తగా తెరిచిన ప్రభుత్వ వైద్యకళాశాలల్లోనే బి కేటగిరీ సీటు ఏడాదికి 12 లక్షలు, ఎన్.ఆర్.ఐ. సీటు 20 లక్షలు అని నిర్ణయించారు. ప్రభుత్వ కళాశాల అన్న మాటకు అర్థం మారిపోయాక, పేదవాడు మంచుదేశాల వైపు చూశాడంటే వాణ్ణి ఏమనగలం? ఆ తప్పు ఏలినవారిది. కాని డబ్బు చాలక వెళ్ళడం వేరు, తప్పిన కారణం కప్పిపుచ్చి వెళ్ళడం వేరు. ఈ రెంటినీ ఒకే కరపత్రంలో కలిపి అమ్ముతున్నారు.

నిబంధనలు కూడా పాతవి కావు. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ కొత్తవి ప్రకటించింది. చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి, మొదటి నుంచి చివరి దాకా ఒకే సంస్థలో సాగాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో వైద్యం చేయడానికి అర్హత రావాలి, అంతా పదేళ్ళలో ముగియాలి, వచ్చాక ఇక్కడ మరొక 12 నెలలు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పట్టా చిత్తుకాగితమే. ఆ మీద దైవఘటనలు. 2020లో కరోనా వచ్చి చైనాలో చదివే పిల్లలు ఇంటికి చేరి, రెండేళ్ళకు పైగా ఇళ్ళలో సెల్‌ఫోన్ల ముందు వైద్యం నేర్చుకున్నారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం వచ్చిపడింది, వేలమంది పిల్లలు నేలమాళిగల్లో నక్కి, సరిహద్దులకు నడిచి, విమానాల్లో ఇల్లు చేరారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతిగృహాల మీద అల్లరిమూకలు పడ్డాయి. ఇవన్నీ తట్టుకున్న పిల్లలున్నారు. వాళ్ళకు నా నమస్కారం. కాని అంత గాలివానలోకి పంపేటప్పుడు పడవకు చిల్లు ఎక్కడుందో ముందు చూడాలా, రంగు వేసి దించాలా?

ఇక రెండవ వర్గం వారున్నారు. వీరితోనూ నాకు పేచీయే. మా స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి దగ్గర సాయంకాలం కలుసుకునే విశ్రాంత ఉపాధ్యాయ మిత్రుడొకరు ఈ సంగతి విని, “డిగ్రీ గట్టెక్కనివాడికి డాక్టరీ దేనికండీ, చెరకు నరుక్కోమనండి” అన్నారు. నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడి నోట రావలసిన మాటేనా అది?

ఆ కుర్రవాడి అయిదు పేపర్లు పోయినది తెలివి లేక కాదు. తెలిసింది ఎలాగంటే, ఆ సాయంత్రం నేను వాణ్ణి కణవిభజన గురించి చెప్పమన్నాను. జీవశాస్త్రం నాకు రాదు, తెలుగు వచ్చు. అర్థమయ్యేలా చెబుతున్నాడో లేదో పట్టుకోగలను. పావుగంటసేపు చెప్పాడు. సమవిభజన అంటే ఏమిటి, క్షయకరణ విభజనలో క్రోమోజోములు సగమెందుకవుతాయి, ఆ సగం కాకపోతే సంతానానికి ఏమవుతుంది, అన్నీ వరుస తప్పకుండా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. నాకే ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత వాడు తప్పిన ప్రశ్నాపత్రం తెప్పించి చూశాను. మొదటి పెద్ద ప్రశ్న మియోసిస్ గురించి వ్రాయమని. వాడు ఆ ప్రశ్న వదిలేశాడు.

“ఇదే కదా నాయనా నువ్విప్పుడు చెప్పినది!”

“తెలుసండి. ఇంగ్లీషులో రెండు పేజీలు రాయలేనండి” అన్నాడు.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలని ఆదేశించారు. ఆదేశం ఒక్క రోజులో వస్తుంది, భాష ఒక్క రోజులో రాదు. పన్నెండేళ్ళు ఒక ఒడ్డున నడిచినవాణ్ణి పట్టుకుని ఏటి నడుమ దించి, ఈత రాదని సున్నా వేశారు. నీట్‌ను 2017 నుంచి తెలుగులో వ్రాయనిస్తున్నారు. తెలుగులో వ్రాసి నెగ్గినవాడు మరుసటి రోజు నుంచి ఏ భాషలో చదవాలో ఎవరూ ఆలోచించలేదు. పిల్లవాడి నాలుకకు రాని భాషలో వ్యాసం వ్రాయించి తప్పించడం విద్య కాదని గిడుగు రామమూర్తిపంతులుగారు నూరేళ్ళ నాడే పోరాడారు. అప్పుడు అడ్డం వచ్చినది గ్రాంథికం, ఇప్పుడు ఇంగ్లీషు. నేను ఇంగ్లీషుకు శత్రువును కాను. వైద్యానికి అది కావాలి, నేర్పాలి. నేర్పకుండా పరీక్ష పెట్టడమే నా అభ్యంతరం. మరి ఈ పిల్లవాణ్ణి ఇంగ్లీషు అరకొరగా, ఆ పైన రష్యను బొత్తిగా రాకుండా మంచులోకి తోస్తే, ఒకటికి రెండు భాషల ఏటిలో పడతాడు గదా.

నా మేనకోడలు న్యూజెర్సీలో ఉంటుంది. ఆమె కూతురికి కూడా కాలేజీ మొదటి ఏడాది రసాయనశాస్త్రంలో బాగా తక్కువ వచ్చాయి. అక్కడ వైద్యకళాశాలకు పోవడానికి ముందు సాధారణంగా నాలుగేళ్ళ డిగ్రీ చదవాలి. దరఖాస్తులో ప్రతి కోర్సు మార్కూ చూపాలి, మళ్ళీ చదివి బాగా తెచ్చుకున్నా పాతది కూడా కనబడుతుంది. దాచడానికి వీలులేదు. కాని ఒక తప్పిన ఏడాదికి మూడేళ్ళ జవాబు చెప్పుకునే వ్యవధి ఉన్నది. ఆ పిల్ల ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది, అదే రసాయనశాస్త్రంలో కింది తరగతి పిల్లలకు సాయం చేస్తోందట. వాళ్ళమ్మ మాత్రం మొదటి ఏడాదే కరీబియన్ దీవుల వైద్యకళాశాలల కరపత్రాలు తెచ్చి బల్ల మీద పెట్టిందట. గిరీశం ఓడ కూడా ఎక్కాడన్నమాట!

మన దగ్గర వ్యవధి లేదని ఎవరన్నారు? నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు. ఎన్నిసార్లయినా వ్రాయవచ్చు. అర్హతకు చూసేది ఇంటర్మీడియట్, నీట్. డిగ్రీలో అయిదు పేపర్లు పోతే ఏ తలుపూ మూతపడదు. విదేశానికి నీట్ ఫలితం మూడేళ్ళు చెల్లుతుంది. అంటే ఈ పిల్లవాడికి తొందరేమీ లేదు. తొందరంతా కన్సల్టెన్సీ వారిది. సంక్రాంతిలోగా అడ్వాన్సు కట్టకపోతే సీటు పోతుందని రోజూ ఫోను చేస్తున్నారు. సీటు పోవడమేమిటి, ఏటేటా బస్సులు వేసి మనుషుల్ని వెదుక్కుంటున్నవారికి!

తండ్రి చేత నేను ఒక లెక్క వేయించాను. వాడికి సంధులు రాకపోయినా లెక్కలు వచ్చు. కరపత్రం ప్రకారం ఆరేళ్ళకు 30 లక్షలు. 2024-25 సీజనుకు రికవరీ తొమ్మిదిన్నర శాతం దాటని మిల్లులకు కేంద్రం కట్టిన చెరకు ధర క్వింటాలుకు 315 రూపాయల 10 పైసలు, టన్నుకు 3,151. వాడి భూమిలో ఎకరానికి 28 టన్నులు వస్తే గొప్ప. అంటే ఎకరం పంట 88 వేలు, అదీ కోతకూలి, బండి బాడుగ, ఎరువు తీయకుండా, మిల్లు వెంటనే డబ్బు ఇస్తే. 30 లక్షలంటే ఎకరానికి ముప్పై నాలుగు పంటలు. కార్శితోటలు కలుపుకున్నా వాడి ఆయుష్షులో అన్ని పంటలు లేవు. కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “భూమి పోతే పోనీండి మాస్టారూ. ఈడు కూడా నాలాగ పాకం పొయ్యి దగ్గరే ఉండిపోతే ఏటి చేయమంటారు?” అన్నాడు.

దానికి నా దగ్గర తయారుగా జవాబు లేదు. ఆ ప్రశ్న న్యాయమైనది. గిరీశం దగ్గర ఎప్పుడూ జవాబు తయారుగా ఉంటుంది, అదే అతని బలం.

ధ్రువపత్రం వ్రాయనన్నాను. వ్రాసేదేదో కుర్రవాడే వ్రాయాలి, ముందు తెలుగులో, నిజం మాత్రమే, ఇదే అరుగు మీద అన్నాను. రెండు గంటలు పట్టింది. అందులో నాయనమ్మ కాలు ఉంది. ఉదయం గానుగ పని చూసుకుని తొమ్మిది గంటల బస్సు ఎక్కడం ఉంది. పాఠం తెలియకపోతే అడగడానికి లేచి, మాట ఇంగ్లీషులో కుదరక మళ్ళీ కూర్చోవడం ఉంది. అక్షరదోషాలు నాలుగున్నాయి, నేను దిద్దలేదు. అది ఎవరికైనా పంపుతామా లేదా అన్నది ఇంకా తేలలేదు.

ఆ కాగితం పట్టుకెళ్ళి గుడి దగ్గర మా మిత్రుడి చేతిలో పెట్టాను. ఆయన సర్వీసంతా నేచురల్ సైన్సు చెప్పినవారే. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, “వాణ్ణి ఒకసారి పంపండి, ఆ క్షయకరణ విభజనేదో నేనూ వింటాను” అన్నారు. విన్నారు. ఇప్పుడు రోజూ ఉదయం ఆరింటికి ఒక గంట ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరా చదివించి, తెలుగులో చెప్పించి, మళ్ళీ ఇంగ్లీషులో వ్రాయిస్తున్నారు. తాను అన్న మాట వెనక్కు తీసుకున్నట్టు మాత్రం ఒప్పుకోరు. చెరకు నరకడం ఎటూ తప్పదు, కాస్త చదువుకుని నరుకుతాడు అంటున్నారు.

సప్లిమెంటరీ పరీక్ష తేదీ ఇంకా రాలేదు. మొన్న తండ్రి వచ్చి దస్తావేజు మళ్ళీ సంచిలోంచి తీశాడు. “మీ దగ్గరుంచండి మాస్టారూ. నా దగ్గరుంటే ఆళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా చేయి దాని మీదికే పోతోంది” అన్నాడు. బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల క్రింద పెట్టాను.